నీళ్లు కారే చోటు

మార్చి 3, మంగళవారం

పొద్దున అమ్మ కారు తాళాలు తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. "తాగేసి రా. ఇవాళ్టి నుంచి నీ వంతు" అంది.

నేను నమ్మలేదు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు స్టీరింగు పట్టడం నేర్చుకున్నది అమ్మ దగ్గరే. వాళ్లంతా ఆమెను బ్రేకు మేడం అంటారు. ఆమె కూర్చునే పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు భయంతో కళ్లు మూసుకున్నా కారు ఆగుతుంది. నాకు మాత్రం పరీక్షలు అవనీ, సెలవులు రానీ, కాలేజీలో చేరనీ అంటూ ఏళ్లు గడిపేసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో చెట్టు మంచిదే, పెరట్లో ఉన్నదానికే మందు అందలేదు.

ఇప్పుడెందుకు అందుతోందో తెలుసు. గేటుకున్న డ్రైవింగు స్కూలు బోర్డు పోయిన నెల దించేశాం. దించింది నేనే. కళ్ల డాక్టరు చెప్పిన మాట నీటికాసులు. ఎంత చక్కటి మాట. అర్థం తెలియనివాళ్లు పాపకు పేరు పెట్టుకున్నా పెట్టుకుంటారు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందట, మధ్యది చివరిదాకా ఉంటుందట. పోయింది తిరిగి రాదట. చుక్కల మందు వేస్తే మిగిలింది కొంచెం నిదానంగా పోతుందట.

"మధ్యది ఉండగానే నీకు నేర్పేస్తా. నా కూతురు బస్సు కోసం చెయ్యెత్తి నిలబడకూడదు" అంది అమ్మ.

మిల్లు వెనక మైదానం దాకా తను నడిపి, అక్కడ నన్ను కూర్చోబెడతానంది. వీధి మలుపు తిరిగామో లేదో బానెట్టు సందుల్లోంచి తెల్లగా పొగ లేచింది.

"దుమ్ములే" అంది అమ్మ.

దుమ్ము కాదు, ఆవిరి. అద్దం మీద చెమటలా పట్టింది. ఇస్త్రీ దుకాణం అతనూ, ఇంకో ఇద్దరూ కలిసి నెట్టుకొచ్చి ఇంట్లో పెట్టారు. ఇంత దాకా స్టీరింగు ముట్టుకోలేదు నేను.

సాయంత్రం మామయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉంది ఆయనకు. బానెట్టు ఎత్తి చాలాసేపు తలగోక్కున్నాడు.

"నా బళ్లకి గాలే కూలెంటు, అక్కా. దీనికి నీళ్లు, పైపులు, పంపు, టాంకీ. ఇది కారు కాదు, స్నానాల గది."

"నీకు చేతనవుతుందా కాదా చెప్పరా."

"పైపు పైపే కదా. చేద్దాం. కోడలు పిల్ల పుస్తకం చదివి చెప్తుంది, నేను పానా పడతా."

కారుతోపాటు వచ్చిన పుస్తకం అటక మీద దొరికింది. ఈ వారం నా చదువంతా అదే. ఇంజను కాలిపోకుండా నీళ్లు దాని ఒంట్లో తిరుగుతాయి. వేడిని రేడియేటరులో దించుకుని మళ్లీ లోపలికి వెళతాయి. ఆ నీళ్లు ఇంజనులోంచి పైపులోకి దిగే చోట వేలెడంత ఇనుప గొట్టం ఉంటుంది. దాన్ని నిప్పిల్ అంటారు. మనది అక్కడే కారుతోంది.

ఒక చిన్న గొట్టం. అది మారిస్తే చాలు.


మార్చి 4, బుధవారం

కారు కింద బకెట్టు పెట్టాం. అమ్మ దాన్ని తన్నుకుంది. దారిలో పెట్టింది నేనే.


మార్చి 7, శనివారం

మామయ్య మధ్యాహ్నం షెడ్డు మూసి వచ్చాడు. పైపుకున్న క్లిప్పు తుప్పుతో అతుక్కుపోయి మర తిరగలేదు. నూనె పోశాం, ఆగాం, మళ్లీ పోశాం. చివరికి పైపునే కోసేశాడు. పైపు ఊడితే కనిపించింది నిప్పిల్. ఇనుము ఉండాల్సిన చోట పొరలు పొరలుగా ఏదో ఉంది. అది బిగించి ఉన్న, ఇంజను నీళ్లు బయటికొచ్చే అల్యూమినియం డబ్బా మూతి చుట్టూ తెల్లటి పొడి.

ఇనుముకు పట్టేది తుప్పు. ఇత్తడికి, రాగికి పట్టేది కిలుము. అల్యూమినియానికి పట్టే ఈ తెల్లదానికి మాట ఏమిటో నాకు తెలియలేదు. మామయ్యను అడిగాను.

"దీన్నా? పుండు అంటారు" అన్నాడు.

"ఉప్పులా ఉంది" అంది అమ్మ, వేలితో తడిమి.

మామయ్య రేడియేటరు మూత తీసి లోపల చూశాడు. "ఏం పోస్తున్నావక్కా ఇందులో?"

"నీళ్లే."

"ఏ నీళ్లు?"

"కుళాయి నీళ్లు. ఎండలో తిరిగేది కదా, రోజూ పొద్దున్నే ఓ చెంబెడు పోసేదాన్ని."

"కూలెంటు పోయాలక్కా. పచ్చగా ఉంటుంది, డబ్బాలో వస్తుంది. అది వేరే. కుళాయి నీళ్లు పోస్తే లోపల తినేస్తుంది."

"మనం తాగే నీళ్లే కదరా" అంది అమ్మ. "మనల్ని తింటున్నాయా?"

మామయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ చెంబు పట్టుకుని రేడియేటరులో నీళ్లు పోయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మొక్కకు పోసినట్టు పోసేది. ఒక్కరోజు మానలేదు.

తర్వాత మామయ్య నిప్పిల్‌ను పానాతో పట్టి తిప్పాడు. అది తిరిగినట్టే తిరిగి చేతిలోకి వచ్చేసింది, సగం. మరలున్న మిగతా సగం లోపలే ఉండిపోయింది.

"పోయిందా?" అంది అమ్మ.

"పోలేదు. లోపలుంది. అదే గొడవ" అన్నాడు మామయ్య.


మార్చి 8, ఆదివారం

విరిగిన ముక్క తీయడానికి రోజంతా పట్టింది. పుస్తకంలో దీనికి ఉపాయం లేదు. పుస్తకం రాసినవాళ్ల ఇనుము ఎప్పుడూ విరగదు. హాక్సా బ్లేడును గుడ్డతో చుట్టి పట్టుకుని, ఆ ముక్కను లోపలి నుంచి కొంచెం కొంచెంగా కోసి, ఉలితో లోపలికి ముడిచి తీయాలని మామయ్యే ఆలోచించాడు. బయటి మరలకు గీత పడితే డబ్బా పాడవుతుంది. ఆయన వేళ్లు లావు, పట్టవు. నేనే కోశాను.

అమ్మ టార్చి పట్టుకుంది. వెలుగు మాటిమాటికీ పక్కకు పోయింది.

"అమ్మా, ఇటు."

"ఇటే కదా."

"ఇంకొంచెం ఇటు."

చేయి నొప్పి పుట్టి ఉంటుంది. అంతసేపు పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. మామయ్య టార్చి తీసుకుని నోట్లో కరిచి పట్టుకున్నాడు. అమ్మ కాసేపు చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడి లోపలికి వెళ్లింది.

ముక్క ఊడి నా అరచేతిలో పడినప్పుడు "అమ్మా, వచ్చింది" అని అరిచాను. లోపలి నుంచి "మంచిది" అంది. బయటికి రాలేదు.


మార్చి 10, మంగళవారం

అమ్మ గ్లాసు పక్కన నీళ్లు పోసింది. వంటింట్లో బల్బు మరీ గుడ్డిది. మార్చాలి.


మార్చి 11, బుధవారం

మార్చాను. ఇప్పుడు వంటిల్లు పట్టపగలులా ఉంది.


మార్చి 12, గురువారం

మళ్లీ పోసింది. ఆ గ్లాసు మూతి ఇరుకు.


మార్చి 14, శనివారం

రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

కొత్త నిప్పిల్ ఇత్తడిది తెచ్చాం. ఇక తుప్పు పట్టదు. పాత మరల్లోని పొడిని బ్రష్షుతో గీరి, గుడ్డతో తుడిచి, నోటితో ఊది అద్దంలా చేశాను. మామయ్య మరలకు తెల్ల టేపు చుట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకొంచెం.

"పుస్తకంలో అంత చుట్టమని లేదు మామయ్యా."

"పుస్తకానికేం, చుక్క కారితే తుడిచేది మనం."

చేత్తో బిగించాడు. పానాతో బిగించాడు. ఆగిపోతే బాగుండేది. ఆయన షెడ్డులో ఏ బోల్టునైనా చివర్లో ఓ పట్టు పడతాడు, మూలుగు వచ్చేదాకా. "పెళ్లికూతురి చేతికి గాజు తొడిగినట్టు, నొప్పి పుట్టాల్సిందే" అంటాడు. అదే పట్టు ఇక్కడా పట్టాడు. టిక్కుమంది. గోరు విరిగినంత చప్పుడు.

అల్యూమినియం డబ్బా మూతి నుంచి అడుగు దాకా వెంట్రుకంత గీత.

మామయ్య పానా కింద పెట్టలేదు, పట్టుకునే నిలబడ్డాడు. "ఇనుమైతే తట్టుకునేదక్కా" అన్నాడు.

"పోన్లేరా" అంది అమ్మ.

"వేరే డబ్బా వెతుకుతా. పాత కార్లు విప్పే చోట ఉంటుంది."

"పోన్లే. ఈ వయసు కారు. దీనికింతే ప్రాప్తం ఉందేమో."

అమ్మ అలా మాట్లాడదు. ఎవరో పిల్ల క్లచ్చు వదలడం రాక పదిసార్లు ఇంజను ఆపేసి ఏడిస్తే, పదకొండోసారి తాళం తిప్పించే మనిషి. నేను చెంబు తీసుకుని మొక్కలకు నీళ్లు పోయడానికి పెరట్లోకి వెళ్లాను. మొక్కలకు అప్పటికే నీళ్లు పోసి ఉన్నాయి.


మార్చి 16, సోమవారం

కాలేజీ ఎగ్గొట్టి మామయ్యతో పాత కార్ల దొడ్డికి వెళ్లాను. తలుపులు ఒక గుట్ట, సీట్లు ఒక గుట్ట, ఇంజన్లు ఒక గుట్ట. వాన నీళ్లలో నానిన స్టీరింగులు. మన కారు వయసువి ఐదు ఉన్నాయి, నాలుగింటికీ అదే మూతి దగ్గర అదే తెల్ల పుండు. అన్ని ఇళ్లలోనూ ఎవరో ఒకరు చెంబుతో కుళాయి నీళ్లు పోసే ఉంటారు.

చివరిదాని డబ్బా బాగుంది. విప్పుతుంటే దొడ్డి ఆయన అడిగాడు, "అంత పాత కారు ఎందుకమ్మా బాగుచేయడం? అది కూడా ఇక్కడికి తోలెయ్, జతగా ఉంటుంది."

"తోలడానికే ముందు బాగుచేయాలండీ" అన్నాను. మామయ్య మెచ్చుకుని ఇంటికొచ్చాక అమ్మకు చెప్పాడు. అమ్మ కూడా నవ్వింది. ఈ వారంలో ఇది మంచి రోజు.


మార్చి 19, గురువారం

బస్టాపులో నర్సు కనిపించింది. అమ్మ దగ్గర ఆఖరున నేర్చుకున్నది ఈమే. పెద్దాసుపత్రిలో పని.

"మేడం కూతురివి కదూ? కారు ఆగిపోయిందటగా. నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

"ఎప్పుడు ఆంటీ?"

"నా చివరి క్లాసులు. ఆ ముల్లు ఉంటుందే, వేడి చూపించేది. అది ఎర్రగీత మీదికి వెళ్లిపోయింది. మేడం, ముల్లు పైకి పోయింది అన్నాను. 'నువ్వు రోడ్డు చూడు, ముల్లు నేను చూస్తా' అంది. సరే, ఆవిడ చూస్తోంది కదా అని నేను రోడ్డే చూశా. మర్నాడు కూడా అంతే."

అమ్మ అందరికీ చెప్పే మాట అది. కొత్తవాళ్లు భయంతో అన్ని ముళ్లూ చూస్తూ రోడ్డు మర్చిపోతారు. అందుకని మొదటిరోజే పని పంచేస్తుంది. రోడ్డు నీది, ముల్లు నాది. వాళ్లు ఆ మాట నమ్మి తల తిప్పరు.

"ఎండ పడి అద్దం మెరిసిందేమో ఆంటీ" అన్నాను.

"సాయంత్రం క్లాసమ్మా నాది" అంది. తర్వాత నా మొహం చూసి, "ఏమో, ఆ ముల్లే చెడిపోయిందేమోలే" అంది. బస్సు వచ్చేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు. నర్సులకు అది అలవాటు.

ముల్లు చెడిపోయి ఉంటుంది. పాత కారు. పైపులే పోయాయి, ముల్లు పోవడం ఎంతసేపు.


మార్చి 21, శనివారం

చెడిపోలేదు.

ముందు మంచి సంగతి రాస్తాను. డబ్బా బిగించాం. టేపు ఒక్క చుట్టే చుట్టాను. నిప్పిల్ నేనే బిగించాను. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, అమ్మే కట్టుకోమంది. కొత్త పైపు, కొత్త క్లిప్పులు, పచ్చటి కూలెంటు. ఇంజను స్టార్టు చేశాం.

ఎక్కడా చుక్క లేదు. మేం ముగ్గురం మంచం మీది రోగిని చూసినట్టు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి కింద సిమెంటు మీద చిన్న పచ్చటి మచ్చ కనిపించింది. ఎంత వెతికినా ఎక్కడి నుంచో తెలియలేదు. ఇంజను ఆపి చల్లారనిచ్చి నేను అద్దం పెట్టి చూశాను, మామయ్య పడుకుని చూశాడు.

"జరగండి" అంది అమ్మ. చెయ్యి లోపలికి పోనిచ్చి, పైపుల వెంట వేళ్లు నడిపిస్తూ వెనక దాకా వెళ్లి ఆగింది. "ఇక్కడ. క్లిప్పు ఏటవాలుగా పడింది."

నిజమే. మా అద్దానికి అందని చోటు. క్లిప్పు సరిచేశాను, ఆగిపోయింది.

"మా అక్క వేళ్లకు కళ్లున్నాయి" అన్నాడు మామయ్య.

అమ్మ నవ్వలేదు. చెయ్యి తుడుచుకుంటూనే ఉంది, గుడ్డ ఎప్పుడో నల్లబడినా.

ఆ తర్వాత ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి పరీక్షించాం. నేను డ్రైవరు సీటులో కూర్చుని ముల్లునే చూశాను. చల్లగా ఉన్నప్పుడు కింద ఉంది, నెమ్మదిగా లేచి మధ్యకు వచ్చింది, ఫ్యాను తిరగగానే రవ్వంత దిగింది. పుస్తకంలో రాసినట్టే. అంత బుద్ధిగా పనిచేసే వస్తువు ఈ కారులో ఇంకోటి లేదు.

చెడిపోయి ఉంటే బాగుండేది.


మార్చి 22, ఆదివారం

మొదటి పాఠం. మైదానం దాకా అమ్మే నెమ్మదిగా నడిపింది. నేను సీటు మారాను.

"చేతులు ఇక్కడ. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో. నలగకూడదు, ఎగరకూడదు." "క్లచ్చును టక్కున వదలకు, మెల్లగా వదిలిపెట్టు." "ఏమిటా తొందర, ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి వచ్చావా?"

ఎంత బాగా చెబుతుందో. పక్కింటి పిల్లలకు చెప్పిన మాటలన్నీ ఇన్నాళ్లకు నాకు వచ్చాయి. నాలుగుసార్లు ఇంజను ఆగింది, ఐదోసారి కదిలింది. కారు నా మాట విని ముందుకు వెళ్లడం ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర మాట లేదు. ఎప్పటికైనా దొరికితే ఇక్కడ రాస్తాను.

మైదానం చివర మలుపు తిరుగుతుండగా అమ్మ వైపు నుంచి ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ అడ్డం వచ్చాడు. దూరం నుంచే వస్తున్నాడు. నేను చూశాను, అమ్మ ఎలాగూ తొక్కుతుంది అనుకున్నాను. కారు ఆగలేదు. ఇంకా ముందుకు పోయింది. అప్పుడు నేను తొక్కాను. ఆయన సైకిలు చక్రానికి జానెడు దూరంలో కారు ఊగి ఆగింది.

"కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావా?" అన్నాడాయన నాతో. "పక్కన పెద్దావిడ కూర్చుని ఏం చేస్తోంది?"

"కొత్త పిల్లండీ. నేర్చుకుంటోంది" అంది అమ్మ. ఆయన నిలబడ్డ వైపు కాక కొంచెం పక్కకు చూస్తూ అంది.

అప్పుడు కిందికి చూశాను. అమ్మ కాలు ఇంకా నేల మీదే ఉంది. ఆయన ఇంకా తిడుతుండగా కదిలింది, బ్రేకు కోసం వెతుక్కుంటూ.

కొంచెం దూరం వచ్చాక, "నువ్వు తొక్కుతావో లేదో చూద్దామని ఆగా. బాగా తొక్కావు" అంది.

నన్ను పరీక్షించింది. నేను నెగ్గాను.

నన్ను పరీక్షించింది.


మార్చి 24, మంగళవారం

నాన్న పొద్దున్నే గోడౌనుకు వెళ్లే ముందు హాల్లో కుర్చీలన్నీ గోడకు జరుపుతాడు. నేను కాలేజీ నుంచి రాగానే, మధ్యాహ్నం పక్కకు వచ్చినవాటిని మళ్లీ జరుపుతాను. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ పొద్దున నేనూ ముందే లేచాను, ఇద్దరం ఒకే కుర్చీ దగ్గర కలిశాం.

"నాన్నా, పాఠాలు ఆపమని నువ్వు చెప్పరాదూ" అన్నాను మెల్లగా. సైకిలు సంగతి చెప్పాను.

నాన్నకు అమ్మే డ్రైవింగు నేర్పింది, పెళ్లయిన కొత్తలో. గేటును గుద్ది మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆ సొట్ట ఇప్పటికీ గేటుకు ఉంది. ఎవరైనా అడిగితే అమ్మ "మా ఆయన సంతకం" అంటుంది.

నాన్న కుర్చీని గోడకు ఆనించి, దుమ్ము లేకపోయినా తుడిచాడు.

"బోర్డు దించినరోజు మీ అమ్మ అన్నం తినలేదు. నీకు నేర్పుతానన్నాక తింది" అన్నాడు. "ఆపమని ఎవరు చెప్పినా ఆగుతుంది. అదే భయం నాకు. ఆ మాట మన నోటి నుంచి మాత్రం రాకూడదమ్మా."

"మరి ఎలా?"

"కారు మళ్లీ పాడవకుండా ఉంటుందా ఏమిటి. పాత బండి" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కారు పాడవదు. ఈసారి నేను సరిగ్గా చేశాను.


మార్చి 26, గురువారం

కాలేజీలో మేడం మంచి వ్యాసం అని నాది చదివి వినిపించింది. ఇంటికొచ్చి అమ్మకు చదివాను. వింటూ నేను కూర్చున్న కుర్చీ వైపు కాక ఖాళీ కుర్చీ వైపు నవ్వింది. నేను లేచి వెళ్లి అందులో కూర్చుని మిగతాది చదివాను.


మార్చి 28, శనివారం

ఇవాళ రెండో పాఠం. మైదానం నుంచి తిరిగి వస్తూ అమ్మే నడుపుతుంటే సందులో తన వైపు పక్క అద్దం విరిగింది. ఆపి ఉన్న పండ్ల బండి అంచు తగిలింది. బండి ఆయన పరుగెత్తుకొచ్చాడు. అమ్మను గుర్తుపట్టి, "మీరా మేడం" అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆమెకు ఎక్కువ తగిలింది. తిట్టి ఉంటే జవాబు చెప్పేది.

"సందు ఇరుకైపోయింది" అంది నాతో. నేను పుట్టినప్పటి నుంచీ ఆ సందు అంతే ఉంది.

ఇంటికొచ్చి విరిగిన అద్దం ముక్కలు కాగితంలో పొట్లం కట్టింది. చాలాసేపు ఆ పొట్లం చేతిలో పట్టుకుని కూర్చుంది. నేను పారేస్తానంటే ఇవ్వలేదు. అప్పుడు అంది, "రేపు పెద్ద రోడ్డు. ఆదివారం పొద్దున బళ్లు తక్కువ. వంతెన దాకా నేనే నడుపుతా, అక్కడి నుంచి నువ్వు."

పెద్ద రోడ్డు మీద బస్సులుంటాయి. ఆదివారమైనా ఉంటాయి. సైకిళ్లు, ముసలివాళ్లు, పాల కోసం గిన్నె పట్టుకుని రోడ్డు దాటే పిల్లలు. వాళ్లంతా పక్కల నుంచే వస్తారు. ఎదురుగా ఎవరు వస్తారు?

"అమ్మా, ఇంకో వారం మైదానంలోనే..."

"ఎన్ని వారాలు?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నా దగ్గర ఉన్న మాటలన్నీ వెతికాను.

"ఎనిమిదింటికి బయల్దేరదాం" అంది. "కారు మొరాయించకపోతేనేలే."

అన్నం తినేటప్పుడు మళ్లీ అడిగింది. "కింద తడేమైనా ఉందా ఇవాళ?"

"లేదమ్మా. పొడిగా ఉంది."

"ఒక్క చుక్క కూడా?"

"లేదు."

"బాగా చేశారు నువ్వూ, మీ మామయ్యా" అంది. పళ్లెంలో అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు. కాసేపటికి, "మొరాయిస్తే మాత్రం మనమేం చేస్తాం. పాత బండి కదా" అంది.

నాన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.

బ్యాటరీ తీగ పీకితే అమ్మకు తెలిసిపోతుంది, అది మనిషి చేసే పని. టైరులో గాలి తీస్తే నాన్న నింపించుకురావాల్సి వస్తుంది, అరగంటలో అయిపోతుంది. నీళ్లు కారడం ఒక్కటే ఎవరి తప్పూ కాదు.

వచ్చే వారం మామయ్యను పిలుస్తుంది. ఆయన వచ్చి బిగిస్తాడు. బిగించిన తర్వాత ఇంకో చోటు చూడాలి. ఈ ఇంజనులో నీళ్లు తిరిగే చోట్లన్నీ ఇప్పుడు నాకు కంఠస్థం. చాలా ఉన్నాయి. ఎన్ని ఉంటే మాత్రం, అన్నీ అయిపోయే రోజు ఒకటి వస్తుంది. డాక్టరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అవి అయిపోయే లోపే అవసరం తీరిపోతుంది.

రేపు పొద్దున అమ్మ లేవకముందు లేస్తాను. స్క్రూడ్రైవరు ఇప్పుడే దిండు కింద పెట్టుకున్నాను. రేడియేటరు కింది పైపు క్లిప్పును కొంచెం వదులు చేస్తాను. మరీ ఎక్కువ కాదు, ధార కట్టకూడదు, చుక్కగానే కారాలి. కుక్కలు వచ్చి ఆ విషపు నీళ్లు నాకకుండా గేటు గడియ వేస్తాను. క్లిప్పు మరను పైకి తిప్పి పెడతాను, అమ్మ చెయ్యి లోపలికి పోనిస్తే వేళ్లకు సులువుగా అందేటట్టు. తర్వాత వెళ్లి పడుకుని, ఆమె వచ్చి లేపేదాకా నిద్రపోతున్నట్టు ఉంటాను.